షుగర్, డిప్రెషన్ ఒకే క్లినిక్‌లో చూస్తున్నాం, సాఫ్ట్‌వేర్లు మాత్రం ఒకదాని మొహం ఒకటి చూసుకోవట్లేదు

పాతఫైలు
మాది చిన్న కమ్యూనిటీ క్లినిక్. ఇద్దరు డాక్టర్లు, నర్సులు, ఒక ఫార్మసిస్టు, వారంలో కొన్ని రోజులు మాత్రమే వచ్చే కౌన్సెలర్. బీపీ, షుగర్‌తో పాటు డిప్రెషన్, ఆందోళన, మద్యం అలవాటు కూడా ఇక్కడే చూడాలని పైవాళ్లు నిర్ణయించారు. ఆలోచన మంచిదే. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకన్నా దాదాపు రెట్టింపు అంటారు, మా ఓపీ చూస్తుంటే నమ్మబుద్ధేస్తుంది.

గొడవంతా సాఫ్ట్‌వేర్ దగ్గరే. డాక్టరు రాసేది ఒకదాంట్లో, కౌన్సెలర్ రాసేది ఇంకోదాంట్లో, మందుల లెక్క మూడోదాంట్లో. మొన్న ఒకాయన "లోపల అంతా చెప్పాను కదమ్మా, మళ్లీ మొదట్నుంచా?" అని విసుక్కుని లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు అమ్మకాలవాళ్లు వచ్చి "ఇంటిగ్రేటెడ్ కేర్ మాడ్యూల్ తీసుకోండి, మూడూ ఒకే లాగిన్‌లో కనిపిస్తాయి" అంటున్నారు. లాగిన్ ఒక్కటైతే వైద్యం ఒక్కటైపోతుందా? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాత్రిడ్యూటీ
మాకూ ఒకే లాగిన్ ఇచ్చారు. పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించి ఉంటుంది, స్వీపర్‌తో సహా అందరికీ తెలుసు. ఆ లెక్కన మాది మహా ఇంటిగ్రేటెడ్ క్లినిక్.

స్టెత్‌సుబ్బు
డాక్టరుగా నా మాట. కౌన్సెలర్ రాసిన నాలుగు పేజీలు నాకు కనిపించక్కర్లేదు. కనిపించినా చదవను, బయట అంతమంది కూర్చుని ఉంటే చదివే తీరిక ఎక్కడిది? నాకు కావలసింది ఒక్క స్క్రీను. ఏ సమస్య మీద పని నడుస్తోంది, ఏ మందు ఎవరు మొదలుపెట్టారు, డిప్రెషన్ స్కోరు పెరుగుతోందా తగ్గుతోందా, తర్వాతి పని ఎవరిది.

ఇదేమీ కొత్త కోరిక కాదు. రికార్డు ఎవరు రాశారన్నదాన్ని బట్టి కాకుండా పేషెంటు సమస్యల వారీగా ఉండాలని లారెన్స్ వీడ్ 1968లోనే రాశాడు. కాగితం పోయి కంప్యూటరొచ్చినా మనం మాత్రం ఇంకా డాక్టరు ట్యాబ్, నర్సు ట్యాబ్, కౌన్సెలర్ ట్యాబ్ అంటూనే ఉన్నాం.

మౌనశ్రోత
సుబ్బు గారు చదవనన్నందుకు కౌన్సెలర్‌గా నాకు సంతోషమే :) నిజంగానే అంటున్నా. గదిలో ఒకావిడ తన భర్త గురించి చెప్పింది రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయికి ఎందుకు కనబడాలి? చిన్న క్లినిక్ అంటే అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఒక్కసారి మాట బయటికి పోతే ఆవిడ మళ్లీ రాదు, వాళ్ల వీధిలో ఇంకెవరూ రారు.

"అంతా అందరికీ కనిపించాలి" అనడమే ఇంటిగ్రేషన్ అయితే అది నాకొద్దు.

పాతఫైలు
@మౌనశ్రోత మేడం, మరి ఆయన లేచి వెళ్లిపోయాడు కదా? దానికేం చెయ్యాలి? మీ గదిలో చెప్పింది బయట అస్సలు తెలియకపోతే ఆయన ప్రతి గుమ్మం దగ్గరా అదే పురాణం విప్పాలి.

మౌనశ్రోత
రెండు పొరలుగా రాయాలండి. మాటామంతీ, నా ఆలోచనలు, కుటుంబ విషయాలు నా దగ్గరే. ఏ సమస్య, స్కోరు ఎంత, ఏ పద్ధతిలో పని చేస్తున్నాం, ప్రాణాపాయం ఉందా, మళ్లీ ఎప్పుడు కలుస్తాం అన్న సారాంశం అందరికీ. అమెరికాలో పేషెంట్ల సమాచార గోప్యతకి ఉన్న హిపా చట్టం నియమాలు కూడా ఈ తేడా చూపిస్తాయి. సైకోథెరపీ నోట్స్ మిగతా రికార్డు నుంచి విడిగా ఉంచితే వాటికి అదనపు రక్షణ ఉంటుంది. కానీ రోగనిర్ధారణ, మందులు, చికిత్స ప్రణాళిక లాంటివి ఆ విడి నోట్స్ కిందకి రావు. అంటే దాచాల్సింది దాస్తూనే డాక్టరుకు కావలసింది ఇవ్వొచ్చు.

ఆ సారాంశం పేషెంటు ముందే టైప్ చేస్తాను. "ఇది డాక్టరుగారు చూస్తారు, సరేనా?" అని అడుగుతాను. ఎక్కువమంది సరే అంటారు. వద్దన్న వాక్యం తీసేస్తాను. లేచి వెళ్లిపోయినాయన కోపం కూడా దీంతోనే తగ్గుతుంది. ఎవరికి ఏం తెలుసో ఆయనకి ముందే తెలుస్తుంది.

కోడ్‌కోతి
ఇది టెక్నికల్‌గా కష్టమేం కాదు. ఉద్యోగాన్ని బట్టి అనుమతులు పెట్టొచ్చు. అత్యవసరమైతే కారణం టైప్ చేసి మూసిన నోటు తెరిచే వీలుంటుంది, ఎవరు ఎప్పుడు తెరిచారో లాగ్‌లో పడుతుంది.

రాత్రిడ్యూటీ
లాగ్‌లో పడుతుంది సరే. ఆ లాగ్ ఎవరు చదువుతారు?

కోడ్‌కోతి
...

రాత్రిడ్యూటీ
అదే.

డేటాదాసు
అందరూ రికార్డు గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే సమస్య అక్కడ లేదు.

ఎలక్ట్రానిక్ రికార్డు ఎదురుగా కూర్చున్న మనిషి కోసం కట్టింది. పేరు కొడితే ఫైలు తెరుచుకుంటుంది. కానీ డిప్రెషన్‌తో ఉన్న మనిషి ఏం చేస్తాడు? రావడం మానేస్తాడు. రానివాడి పేరు ఎవరు కొడతారు? ఆ ఫైలు ఎప్పటికీ తెరుచుకోదు. మందు మొదలుపెట్టి పంపించాం, పని చేసిందో లేదో తెలియదు, ఆయన మానేశాడని కూడా తెలియదు. మూడు సాఫ్ట్‌వేర్లూ కలిపినా ఇదే జరుగుతుంది, కాకపోతే మూడుచోట్లా ఒకేసారి తెలియకుండా పోతుంది.

కాబట్టి ముందు కావలసింది రిజిస్ట్రీ. డిప్రెషన్‌కి చికిత్స మొదలైన ప్రతి మనిషికీ ఒక వరుస. మొదటి స్కోరు, చివరి స్కోరు, చివరిగా ఎప్పుడు మాట్లాడాం, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి. అందరికన్నా ఎక్కువకాలం పలకరించకుండా వదిలేసిన మనిషి పైన కనబడాలి. వారానికోసారి ఒకరు ఆ జాబితా పట్టుకుని సైకియాట్రిస్టుతో కూర్చుంటారు, ఫోన్లోనైనా సరే. మెరుగుపడని కేసులే మాట్లాడతారు. సైకియాట్రిస్టు అందరినీ చూడక్కర్లేదు, మందు మార్చమనో మోతాదు పెంచమనో మీ డాక్టరుకి చెబితే చాలు.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఇంపాక్ట్ అని పెద్ద ట్రయల్, 2002లో ఫలితాలు వచ్చాయి. 60 ఏళ్లు, ఆపై వయసున్న 1,801 మంది, 18 ప్రైమరీ కేర్ క్లినిక్‌లు. ఏడాది తర్వాత చూస్తే డిప్రెషన్ లక్షణాలు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గినవాళ్లు ఈ పద్ధతిలో 45 శాతం, మామూలు వైద్యంలో 19 శాతం. అందులో వాడిన టెక్నాలజీ చాలా సాదా వెబ్ ట్రాకింగ్. ఎవరెవరిని ఫాలోఅప్ చెయ్యాలో గుర్తుచేసేది, అంతే.

స్టెత్‌సుబ్బు
దాసు గారి మాట ఒప్పుకుంటాను, ఒక్క చిన్న సవరణతో. 45 శాతం వచ్చింది ట్రాకింగ్ వల్ల అనకండి. అక్కడ ఆ పని మీదే ఒక కేర్ మేనేజర్ ఉన్నారు, చిన్నపాటి కౌన్సెలింగ్ చేశారు, మందులు సరిచేశారు. సాఫ్ట్‌వేర్ ఒక్కదానికే క్రెడిట్ ఇస్తే రేపు అమ్మకాలవాడు బ్రోచర్ మీద 45 శాతం అని అచ్చేస్తాడు.

డేటాదాసు
నిజమే. మనిషి లేని జాబితా కూడా దండగే.

రాత్రిడ్యూటీ
ఆ "మనిషి" ఎవరో నేను చెప్పనా? నర్సు. ప్రతి కొత్త పథకంలోనూ ఆ "ఒకరు" నర్సే. నేను బీపీ ఒకదాంట్లో ఎక్కిస్తాను, అదే బీపీ నెలవారీ రిపోర్టు కోసం ఇంకోదాంట్లో ఎక్కిస్తాను, ఇప్పుడు రిజిస్ట్రీలో మూడోసారి. ఒక పని పెడితే ఒక పని తియ్యండి. తియ్యకుండా పెడితే ఏమవుతుందో చెప్తాను: నెలాఖరున కూర్చుని అందరికీ అంకెలు వేసేస్తారు. 120/80, 120/80, 120/80. ఊరందరికీ ఆరోగ్యమే.

మందులచీటీ
120/80 ఊరు 😂 ఆ ఊరు నాకూ తెలుసు.

పాతఫైలు
రాత్రిడ్యూటీ గారి మాట గట్టిగా తగిలింది. మా దగ్గర కూడా ఆ "ఒకరు" ఎవరన్నది ఎవరూ రాసిపెట్టలేదు. దాసు గారూ, స్కోరు స్కోరు అంటున్నారు, డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 యేనా? మా కౌన్సెలర్ అది అడుగుతారు కానీ పీడీఎఫ్‌గా జతచేస్తారు.

డేటాదాసు
అదే. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. మామూలుగా 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. మొదటిదాంతో పోలిస్తే సగానికి తగ్గితే స్పందన ఉన్నట్టు, 5 కన్నా తగ్గితే కోలుకున్నట్టు లెక్క. పీడీఎఫ్‌లో పెట్టారంటే అది బొమ్మ కింద లెక్క. దాంతో గ్రాఫ్ రాదు, జాబితా రాదు.

కోడ్‌కోతి
ఇక్కడ నేను పనికొస్తా. మాడ్యూల్ అమ్మేవాళ్లని "ఇంటిగ్రేటెడ్ ఉందా" అని అడక్కండి, ఉంది అంటారు. ఇలా అడగండి. "పీహెచ్‌క్యూ-9 మొత్తం స్కోరు అంకెగా, లాయింక్ కోడ్ 44261-6తో, ఫైర్ అబ్జర్వేషన్‌గా బయటికి పంపగలరా? మా ముందే పంపి చూపించండి." లాయింక్ అంటే వైద్య పరీక్షలకీ స్కోర్లకీ ఇచ్చే ఉమ్మడి కోడ్‌ల జాబితా. ఫైర్ అంటే ఆరోగ్య డేటాకి ప్రమాణాలు తయారుచేసే హెచ్ఎల్7 సంస్థ వాళ్ల డేటా మార్పిడి ప్రమాణం. రెండు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు కంపెనీలవైనా ఆ అంకె ఏమిటో రెండింటికీ ఒకేలా అర్థమవ్వాలంటే ఆ కోడ్ ఉండాలి. లేకపోతే ఒకదాంట్లో "డిప్ స్కోర్", ఇంకోదాంట్లో "పీక్యూ టోటల్", కలిపేవాడికి పిచ్చెక్కుతుంది. ఆ కలిపేవాణ్ని నేనే కాబట్టి చెప్తున్నా.

ఇంకోటి అడగండి. మీతో ఒప్పందం అయిపోయాక మా డేటా మొత్తం ఏ రూపంలో ఇస్తారు? ఈ ప్రశ్న దగ్గర మొహం మారితే కొనకండి.

మందులచీటీ
నన్ను ఎవరూ పిలవలేదు కానీ వచ్చేశా, ఫార్మసీ వాళ్ల అలవాటే అది. కౌన్సెలింగ్ నోట్స్ దాచుకోండి, నాకు అక్కర్లేదు. మందుల జాబితా మాత్రం దయచేసి ఒక్కటే ఉంచండి. ప్రాణాల మీదకి వచ్చేది అక్కడే.

ఉదాహరణ. సైకియాట్రిస్టు ఎక్కడో బైపోలార్ జబ్బుకి లిథియం రాశారు. మీ క్లినిక్‌లో బీపీకి ఏసీఈ ఇన్‌హిబిటరో థయజైడో రాశారు, మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్. ఈ మూడూ ఒంట్లో లిథియం స్థాయి పెంచేవే. ఎవరి స్క్రీను మీద వాళ్లు రాసింది తప్పు కాదు. కలిపి చూస్తేనే ప్రమాదం కనబడుతుంది. చేతులు వణకడం, తూలడం, తికమక, అప్పటికి ఆస్పత్రి.

ఇంకోటి నెమ్మదిగా చంపేది. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి తీవ్ర మానసిక జబ్బుల మందులు బరువు, షుగర్ పెంచుతాయి. మొదలుపెట్టేటప్పుడు బరువు చూడాలి, తర్వాత 4, 8, 12 వారాలకి, ఆపైన మూడు నెలలకోసారి. షుగర్ మొదట్లో, 12 వారాలకి, ఆపైన ఏడాదికోసారి. 2004లో అమెరికాలో డయాబెటిస్ వాళ్లు, సైకియాట్రీ వాళ్లు కూర్చుని తేల్చిందే ఇది. ఎందుకు జరగదంటే సైకియాట్రిస్టు "షుగర్ నా పని కాదు" అనుకుంటారు, మీ డాక్టరుకి ఆ మందు ఉందనే తెలియదు. కంప్యూటర్ చెయ్యదగ్గ పని ఇదీ. ఫలానా మందు, ఫలానా తేదీ, బరువు చూసే గడువు దాటింది. దీనికి ఏ కృత్రిమ మేధా అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

స్టెత్‌సుబ్బు
ఒప్పుకుంటాను కానీ అలర్టుల పేరుతో మమ్మల్ని చంపకండి. మా దాంట్లో పారాసిటమాల్ రాసినా ఒక కిటికీ తెరుచుకుంటుంది. నా వేలు ఇప్పుడు చదవకుండానే "సరే" నొక్కేస్తుంది. లిథియం అలర్టు వచ్చినా ఆ వేలు అలాగే నొక్కుతుంది.

మందులచీటీ
అందుకే అన్నీ డాక్టరుకి పంపకూడదు. ప్రమాదకరమైన కొన్ని జంటలు మాత్రమే రాస్తున్నవాణ్ని ఆపాలి. గడువులు, బరువులు, పరీక్షలు అన్నీ రిజిస్ట్రీ జాబితాలో పడాలి, చూసేవాళ్లు తీరిగ్గా చూసుకుంటారు. ఏది అడ్డుపడాలి, ఏది వరుసలో నిలబడాలి అన్నది క్లినిక్ తేల్చుకోవాలి, కంపెనీ కాదు.

గడపదాటని
నేను వైద్యం వైపు మనిషిని కాను, పేషెంటుని. షుగర్, యాంగ్జయిటీ రెండూ ఉన్నాయి. మా క్లినిక్ ఆ ప్రశ్నలు ఫోన్‌కి పంపిస్తుంది. నాకు అదే నచ్చింది, ఎదురుగా మనిషి లేకపోతే నిజం రాయగలను. కానీ రాసింది ఎవరైనా చూశారా అన్నది ఎప్పుడూ తెలియదు. ఒకసారి చాలా బాగోలేనప్పుడు రాశాను, "మీ సమాధానాలకు ధన్యవాదాలు" అని ఆటోమేటిక్ మెసేజ్ వచ్చింది. అంతే. తర్వాత అపాయింట్‌మెంట్‌లో కూడా ఎవరూ ఎత్తలేదు. అప్పట్నుంచి అన్నింటికీ 0 పెట్టేస్తున్నా.

మౌనశ్రోత
@గడపదాటని ఇది రాసినందుకు చాలా థాంక్సండి. మీ క్లినిక్‌లో కౌన్సెలర్ ఉంటే ఈ మాట సూటిగా చెప్పండి, ఇక్కడ రాసినట్టే. మళ్లీ అంత బాగోలేనప్పుడు ఆ ఫారం మీద ఆధారపడకండి, ఫోన్ చేసి మనిషితో మాట్లాడండి.

మిగతావాళ్లకి: ఇది అసలు ప్రమాదం. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండు, నన్ను నేను గాయపరుచుకోవాలి అన్న ఆలోచనల గురించి. అది ఫోన్‌లో పంపిస్తే అర్ధరాత్రి సమాధానం వస్తుంది. అప్పుడు చూసేదెవరు? జవాబుదారీ లేకుండా ఆ ప్రశ్న బయటికి పంపకూడదని నా గట్టి అభిప్రాయం.

డేటాదాసు
కొన్నిచోట్ల తొమ్మిదోది తీసేసి పీహెచ్‌క్యూ-8 వాడతారు, ముఖ్యంగా వెంటనే స్పందించే మనిషి లేని సర్వేల్లో.

మౌనశ్రోత
సర్వేకి సరే. చికిత్సలో ఉన్న మనిషిని ఆ ప్రశ్న అడక్కపోతే ఆలోచన పోదు, మనకి కనబడకుండా పోతుంది. అడగండి, క్లినిక్ తెరిచి ఉన్న వేళలో, వెయిటింగ్ హాల్లో ట్యాబ్ ఇచ్చి. 0 కాకుండా ఏది పెట్టినా ఆ మనిషి గడప దాటకముందే ఒకరు పక్కకి పిలిచి మాట్లాడాలి. ఇంటికి పంపే ఫారం అయితే ఎప్పుడు చూస్తారో పైనే రాయాలి, అత్యవసర నంబరు ముందే కనబడాలి.

స్టెత్‌సుబ్బు
దీని మీద మేడంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నా. తేదీ రాసుకోండి, మళ్లీ జరగకపోవచ్చు.

వడ్డీలెక్క
చిన్న క్లినిక్‌కి ఇంత సరంజామా ఎందుకు? ఎక్సెల్ షీట్ చాలదా? యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఎయిమ్స్ సెంటర్ వాళ్లు ఈ పద్ధతికి సరిపోయే ట్రాకింగ్ స్ప్రెడ్‌షీట్ ఉచితంగానే ఇస్తారు.

కోడ్‌కోతి
ఎక్సెల్ మొదలుపెట్టడానికి మంచిదే, నేను వద్దనను. కానీ ఒక్క పీడకల చెప్తా. ఎవరో ఒకరు స్కోరు కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి, వచ్చిన హెచ్చరిక చదవకుండా సార్ట్ కొడతారు. పేర్లు కదలవు, స్కోర్లు కదులుతాయి. ఒకరి 22 ఇంకొకరి పక్కన కూర్చుంటుంది. ఎర్ర గీత ఏదీ రాదు, చూడ్డానికి అంతా చక్కగా ఉంటుంది.

వడ్డీలెక్క
టేబుల్‌గా ఫార్మాట్ చేస్తే వరుస మొత్తం కలిసే కదులుతుంది కదండీ. ఉపకరణాన్ని తిట్టి లాభమేంటి.

కోడ్‌కోతి
చేస్తే, అవును. ఫైలు మెయిల్లో పంపుకుంటే "ఫైనల్", "ఫైనల్-2", "అసలు ఫైనల్" మూడు తయారవుతాయి. ఎవరు తెరిచారో తెలియదు. పోయిన ల్యాప్‌టాప్‌లో అందరి డిప్రెషన్ జాబితా ఉంటుంది. కాబట్టి వాడితే ఒకే చోట, పాస్‌వర్డ్‌తో, పేరు బదులు క్లినిక్ నంబరుతో. పేషెంట్లు ఎక్కువయ్యాక ఓపెన్‌ఎంఆర్‌ఎస్ మీద కట్టిన బాహ్మ్ని లాంటి ఓపెన్ సోర్స్ ఆస్పత్రి రికార్డు సాఫ్ట్‌వేర్ చూడండి. లైసెన్సు డబ్బులుండవు, నడిపేవాడి జీతం మాత్రం ఉంటుంది. ఉచితం అంటే ఎవరూ చూసుకోనక్కర్లేదని కాదు.

రాత్రిడ్యూటీ
నంబరు అన్నారు కాబట్టి: ఒకే మనిషికి మా దాంట్లో మూడు నంబర్లు. ఇంటిపేరు ముందు రాస్తే ఒకటి, వెనక రాస్తే ఒకటి, పుట్టినతేదీ తెలియక జనవరి 1 పెడితే ఇంకొకటి. మా లెక్క ప్రకారం జనాభాలో పెద్ద భాగం కొత్త సంవత్సరం రోజే పుట్టింది.

డేటాదాసు
నవ్వులాటే కానీ అన్నింటికన్నా ముందు చెయ్యాల్సిన పని అదే. ఒకే మనిషి మూడు ముక్కలై ఉంటే మందుల జాబితా కలవదు, స్కోరు గ్రాఫ్ తెగిపోతుంది. ఏ మాడ్యూల్ కొన్నా ఆ ముక్కలే అందంగా చూపిస్తుంది.

ఇంకో మాట, పాతఫైలు గారి మొదటి ప్రశ్నకి. డిప్రెషన్ జాబితా వేరు, షుగర్ జాబితా వేరు పెట్టకండి. 2010లో టీమ్‌కేర్ ట్రయల్ వచ్చింది, 214 మంది, డిప్రెషన్‌తో పాటు అదుపులో లేని షుగరో గుండెజబ్బో ఉన్నవాళ్లు. నర్సులే నడిపించారు. డిప్రెషన్ స్కోరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), బీపీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అన్నీ కలిపి చూసుకుంటూ మందులు సరిచేయించారు. ఏడాదికి ఆ నాలుగూ కలిపి చూస్తే మామూలు వైద్యం కన్నా మెరుగు. ఒకే వరుసలో నాలుగు కాలమ్‌లు, అంతే తేడా.

రాత్రిడ్యూటీ
నర్సులే నడిపించారు అన్నది బోల్డ్‌లో పెట్టండి. వాళ్లకి ఆ పనికి సమయం ఇచ్చారు అన్నది ఇంకా బోల్డ్‌లో.

పాతఫైలు
రెండు రోజులు మాయమయ్యాను, క్లినిక్‌లో అందరం కూర్చున్నాం. మాడ్యూల్ ఇప్పుడే కొనట్లేదు. కోడ్‌కోతి చెప్పిన రెండు ప్రశ్నలు అమ్మకాలవాళ్లకి పంపాం. మొదటిదానికి "మా టెక్నికల్ టీమ్ చెప్తుంది" అన్నారు, రెండోదానికి జవాబు లేదు.

ముందు డూప్లికేట్ నంబర్లు కలుపుతున్నాం. తర్వాత ఒకే పట్టిక: పీహెచ్‌క్యూ, హెచ్‌బీఏ1సీ, బీపీ, చివరి పలకరింపు, తర్వాతి తేదీ, బరువు చూసే మందు ఉందా లేదా. ఒక నర్సుకి వారంలో ఒక పూట ఓపీ తీసేసి ఈ పని ఇచ్చాం. ఆ నెలవారీ రిపోర్టు ఆమె మెడ నుంచి తీసి నేను తగిలించుకున్నా. తొమ్మిదో ప్రశ్న క్లినిక్‌లో మాత్రమే.

మా పెద్ద డాక్టరుకి ఇంకా నమ్మకం లేదు. "ఫోన్ చేసి రమ్మంటే వచ్చేవాడు ఫోన్ చెయ్యకపోయినా వస్తాడు" అంటారు.

స్టెత్‌సుబ్బు
ఆయనకి జాబితాలో పైనున్న పది పేర్లు చూపించండి. వాళ్లలో ఎంతమందిని తను మందు మొదలుపెట్టి పంపించారో, మళ్లీ ఎంతమందిని చూశారో ఆయన్నే చెప్పమనండి. వాదించకండి.

మౌనశ్రోత
ఆ నర్సు సెలవు పెడితే ఆ పూట జాబితా ఎవరు చూస్తారు? రాసిపెట్టారా?

పాతఫైలు
...లేదు. ఇవాళే రాస్తాం.

వడ్డీలెక్క
పట్టిక ఖాళీది ఇక్కడ పెడితే మిగతావాళ్లం కూడా వాడుకుంటాం.

పాతఫైలు
తప్పకుండా. పేషెంట్ల వివరాలు తీసేసి రేపు పెడతాను.

రాత్రిడ్యూటీ
దాచిపెట్టిన కాలమ్‌లు కూడా చూసి తియ్యండి. మాకు ఒకసారి "ఖాళీ ఫారం" వచ్చింది, హైడ్ చేసిన కాలమ్ తెరిస్తే అందరి ఫోన్ నంబర్లూ ఉన్నాయి.